కొసరు చలువ

ఈ ఆఫీసు సంగతి మొదలయ్యేనాటికి రాధాకృష్ణమూర్తి చేతిలో ఉన్నది తర్లుపాడు రోడ్డులో ఒక ఖాళీ గోడౌను, దాని వెనక దొడ్లో అమ్ముడుపోని పలకరాయి, మార్కాపురం బజారులో ఒక పప్పుల దుకాణం, 'కొసరు శెట్టి' అనే పేరు.

గోడౌను తండ్రి కట్టించింది. ఒకప్పుడు అందులో రాయి కోసి, నునుపు పట్టి, చెక్కచట్టాలు బిగించి బడిపిల్లల పలకలు ఊరూరికీ పంపేవారు. పిల్లల చేతుల్లోంచి పలక జారిపోయాక ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత తండ్రి తవ్వించిన రాయిని రాధాకృష్ణమూర్తి ఇళ్ళ నేలలకని కోయించాడు. ఒక పెద్ద బేరం చివర్లో తప్పిపోయి, ఆ రాయంతా దొడ్లో దొంతులుగా మిగిలింది.

పేరు మాత్రం సొంత సంపాదన. కందిపప్పు తూచినా, రాయి లెక్కపెట్టి ఇచ్చినా, లెక్క సరిపోయాక ఇంకాస్త వెయ్యనిదే అతని చెయ్యి వెనక్కి రాదు. "సరిగ్గా ఇచ్చేది తక్కెడరా. ఆపైన వేసేవాడు మనిషి" అనేవాడు తండ్రి. కొసరు ఖర్చు కాదని, రేపటి గిరాకీకి ఈరోజు ఇచ్చుకునే బయానా అని రాధాకృష్ణమూర్తి లెక్క. ఆ లెక్క అరవై దాటినా తప్పలేదు. తప్పినది ఒక్కసారే, అదీ గాలి విషయంలో.

జిల్లాలు విడదీసిన మరుసటి ఏడాది ఒంగోలు నుంచి కరుణాకరం అనే మేనేజరు వచ్చాడు. ఆసుపత్రుల బీమా కాగితాలు కంప్యూటర్లలో సరిచూసే కంపెనీ వాళ్ళది. మార్కాపురం చుట్టుపక్కల చదువుకున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారని, పనికి వాళ్ళను ఒంగోలు రప్పించే బదులు పనినే వాళ్ళ దగ్గరికి తెస్తే మేలని అతని ఆలోచన. గోడౌను చూసి, కప్పు వైపు తలెత్తి పెదవి విరిచాడు.

"చోటు బాగుందండీ. కానీ ఇంత ఎత్తు రేకుల కప్పు కింద ఏసీ పెడితే కరెంటు మింగేస్తుంది. మా పెద్దాఫీసు వాళ్ళు మనిషికి ఎంత కరెంటు కాలిందని లెక్క చూస్తారు. ఒంగోలు ఆఫీసు కన్నా ఇక్కడ తక్కువ కాలితేనే ఉంటాం. ఒక ఎండాకాలం చూస్తాం. తేడా వస్తే జూన్ నెలలో అందరినీ ఒంగోలుకే తీసుకెళ్ళిపోతాం."

"మా పిల్లలు అంత దూరం వస్తారా?"

"వచ్చేవాళ్ళు వస్తారు" అన్నాడు కరుణాకరం.

రానివాళ్ళే ఎక్కువని రాధాకృష్ణమూర్తికి తెలుసు. పలకల గనుల్లో తనతో పాటు ముసలివాడైన మౌలా సాహెబ్ మనవరాలు మాబూబీ డిగ్రీ చదివి ఇంట్లో కూర్చుని ఉంది. తల్లికి కాళ్ళు పట్టేశాయి. ఆ పిల్ల పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన చోట అయితేనే పనిచేయగలదు. అలాంటి ఇళ్ళు ఊళ్ళో పదులకొద్దీ ఉన్నాయి.

దర్శిలో ఉన్న బావమరిది కూతురు కన్యకాపరమేశ్వరి హైదరాబాదులో పెద్ద భవనాలకు చల్లదనం ఏర్పాట్లు గీసే ఇంజనీరు. రాధాకృష్ణమూర్తి భార్య సుబ్బలక్ష్మమ్మ ఫోన్ చేసి మేనకోడల్ని పిలిపించింది. ఆ అమ్మాయి గోడౌను మధ్యలో నిలబడి, చేతిలో ఉన్న అగరుబత్తి వెలిగించింది.

"పొగ యాడికి పోతోందో చూడు మామయ్యా."

"పైకే. ఇంకెక్కడికి పోతుంది?"

"వేడి ఏదైనా అంతే. మనిషి ఒంటి వేడి, కంప్యూటర్ వేడి, అన్నీ పైకి పోవాలనే చూస్తాయి. మనమేమో కప్పు దగ్గర నుంచి చల్లగాలి కిందికి నెట్టి, పోయే వేడిని మళ్ళీ నెత్తిన వేసుకుంటాం. అదీ గాక పైన ఉండే ఖాళీ అంతా చల్లబడితే గానీ చలువ మన దాకా రాదు."

"అట్లయితే పైన గబ్బిలాలకు ఏసీ వేసి, మిగిలింది మనుషులు తీసుకుంటున్నారన్నమాట."

కన్యక నవ్వింది. "అంతే. అందుకని నేలను మోకాలంత ఎత్తు లేపుదాం. ఇనుపకాళ్ళ మీద ఇనుప పలకలు పరిచి, కింది ఖాళీలోకి చల్లగాలి వదులుదాం. ఒక్కో కుర్చీ పక్కన నేలలో గుండ్రటి జాలీ మూత ఉంటుంది. దాంట్లో నుంచి గాలి మెల్లగా వచ్చి, కూర్చున్న మనిషి నెత్తి దాకా చల్లబరుస్తుంది. వేడి దానంతటది పైకి పోతుంది, అక్కడి నుంచి బయటికి పంపుతాం. గాలి మరీ చల్లగా ఉండే పని లేదు, పంకా గట్టిగా తిరిగే పని లేదు."

"గిరాకీ కూర్చున్న చోటికే సరుకు" అన్నాడు రాధాకృష్ణమూర్తి. "మంచి బేరం. నేల మీద ఏం పరుస్తావు?"

"తివాచీ అనుకుంటున్నా."

"దొడ్లో రాయి ఉండగా తివాచీ ఏంది?"

కన్యక బరువు లెక్క చూసింది. పలచగా కోస్తే సరే అంది. మౌలా సాహెబ్ తన మనుషుల్ని పెట్టి దొంతుల్లో రాయిని పలచగా కోయించి, ఇనుప పలకల మీద అతికించాడు. నల్లటి నేల తయారైంది. వర్షం వచ్చే ముందు ఆకాశంలా ఉందని సుబ్బలక్ష్మమ్మ మెచ్చుకుంది.

ఫిబ్రవరిలో ఆఫీసు తెరిచారు. మొదటిరోజు మాబూబీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వెనక వస్తున్న పిల్లలందరూ ఆమె వెనకే ఆగారు.

"ఏం బిడ్డా, ఆగిపోయినావు?" అన్నాడు రాధాకృష్ణమూర్తి.

"ఇది పలకే కదా తాతా. చెప్పులతో ఎట్ల తొక్కేది? మా జేజి ఈ రాయి రుద్దీ రుద్దీ చేతులు అరగదీసుకునింది."

ఆ ఊళ్ళో పలకకు కాలు తగిలితే కళ్ళకు అద్దుకోకుండా పెరిగిన పిల్లలు లేరు. ఎవరూ చెప్పకుండానే చెప్పులన్నీ మెట్ల మీద వరసగా చేరాయి. రాధాకృష్ణమూర్తి తనూ చెప్పులు విడిచాడు. అమ్ముడుపోని రాయికి ఇంతకన్నా మర్యాద ఏ బేరంలో దొరుకుతుందనుకున్నాడు. ఆ సంతోషంలోనే రెండు పనులు చేశాడు.

మొదటిది, జాలీ మూతల సంగతి. అవి చేత్తో తిప్పితే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. అవి చెడిపోతే హైదరాబాదు నుంచి రావాలన్న బెంగతో, "వాటి మీద చెయ్యి వెయ్యబాకండమ్మా" అని పిల్లలకు గట్టిగా చెప్పాడు.

రెండోది, కొసరు. కన్యక మిషన్ దగ్గర ఒక అంకె పెట్టి వెళ్ళింది. చలువ ఎంత ఉండాలో చెప్పే అంకె అది. ఆమె బస్సెక్కాక రాధాకృష్ణమూర్తి కాపలాదారు ఆదెయ్యను పిలిచాడు.

"ఆదెయ్యా, పిల్లలు ఎండన పడి వస్తారు. అమ్మాయి పెట్టినదానికి రెండు తగ్గించు. అంకె తగ్గితే చలువ పెరుగుతుంది."

"అట్లనే శెట్టిగారూ" అన్నాడు ఆదెయ్య. శెట్టి చేతి కింద పనిచేసి ఆదెయ్యకూ కొసరు అలవాటైంది. తన వంతుగా ఇంకొకటి తగ్గించాడు.

ఏప్రిల్ వచ్చింది. మార్కాపురం ఎండ గురించి చెప్పాల్సిన పని లేదు. నెల తిరిగేసరికి కరుణాకరం ముఖం చిన్నది చేసుకుని దుకాణానికి వచ్చాడు.

"ఒంగోలు కన్నా ఎక్కువ కాలిందండీ. మే నెల కూడా ఇట్లాగే ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. పిల్లలు మంచివాళ్ళు, పని బాగా చేస్తున్నారు. నాకే బాధగా ఉంది."

రాధాకృష్ణమూర్తి దుకాణం గుమాస్తాకు అప్పగించి గోడౌనుకు నడిచాడు. మెట్ల దగ్గర చెప్పులు వదిలి లోపల అడుగు పెట్టాడు. అరికాలు జివ్వుమంది. పది అడుగులు వేసేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. విచిత్రం ఏమిటంటే నెత్తికి ఉక్కగా ఉంది. పిల్లలు కాళ్ళు కుర్చీల మీదికి ముడుచుకుని, కాగితాలతో విసురుకుంటున్నారు. కింద జాలీల కోసం చూశాడు. ఒక్కటీ కనబడలేదు. ఒకదాని మీద గోనెపట్ట, ఒకదాని మీద మడిచిన దుప్పటి, ఒకదాని మీద అన్నం క్యారేజీ సంచి.

"ఇదేంది బిడ్డా?" అన్నాడు మాబూబీ పక్కన నిలబడి.

మాబూబీ తల దించుకుంది. "కాళ్ళు మొద్దుబారిపోతున్నాయి తాతా. మూత మీద చెయ్యి వెయ్యబాకండని నువ్వే చెప్పినావు. చెయ్యి వెయ్యలేదు. గోనె వేసినాం."

"ఎప్పటి నుంచి?"

"మొదటి వారం నుంచే. ఎండలు ముదిరే కొద్దీ గోనెలు కూడా ముదిరినాయి."

పక్క కుర్చీలో ఉన్న, కొనకనమిట్ల ఊరి నుంచి వచ్చే పిల్ల అందుకుంది. "కింద మంచు, పైన మంట. మా నాయన ఫోన్ చేసి ఏసీ ఆఫీసులో ఎట్ల ఉందమ్మా అంటే, కాళ్ళకు జలుబు చేసింది నాయనా అన్నాను."

అందరూ నవ్వారు. రాధాకృష్ణమూర్తికి నవ్వు రాలేదు.

సాయంత్రం కన్యకకు ఫోన్ చేశాడు. ఆమె మరునాడే వచ్చింది. మిషన్ దగ్గర అంకె చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఇది నేను పెట్టింది కాదే. ఎవరు మార్చినారు?"

రాధాకృష్ణమూర్తి ఆదెయ్య వైపు చూశాడు. ఆదెయ్య నేల వైపు చూశాడు.

"నేనే తగ్గించమన్నా" అన్నాడు రాధాకృష్ణమూర్తి. "కాస్త కొసరుగా ఉంటుందని."

"రెండన్నారు, నేను ఇంకొకటి కలిపినా" అన్నాడు ఆదెయ్య.

కన్యక కోప్పడుతుందనుకున్నాడు రాధాకృష్ణమూర్తి. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, జరిగింది విడమరిచి చెప్పింది. గాలి అవసరానికి మించి చల్లగా రావడంతో రాయి గడ్డకట్టినట్టయింది. పిల్లలు గాలి రాకుండా మూసేశారు. గాలి రాక గది వేడెక్కింది. గది వేడెక్కిందని మిషను ఇంకా గట్టిగా పనిచేసింది. ఆ చలువంతా నేల కిందే తిరిగి, రాయిని ఇంకా చల్లబరిచింది. దాంతో ఇంకో గోనె పడింది.

"మామయ్యా, కందిపప్పులో కొసరు వేస్తే తీసుకున్నవాడికి లాభం. ఈ సరుకులో కొసరు వేస్తే తీసుకున్నవాడే చలికి చస్తాడు, ఇచ్చినవాడికీ నష్టమే."

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. అయినా ఒప్పుకున్నాడు. నిజమైన లెక్క ఎవరు చెప్పినా వినడం వ్యాపారికి చేతకాకపోతే దుకాణం నిలవదు.

"నువ్వు పెట్టిన అంకెకే మారుద్దాం, సరిపోతుందా?"

కన్యక తన కాళ్ళకున్న బూట్ల వైపు చూసుకుంది. లోపలికి వచ్చేటప్పుడు ఆమె ఒక్కతే అవి విప్పలేదు. ఇంజనీర్లకు అది అలవాటు కదా అని ఎవరూ ఏమీ అనలేదు. వెళ్ళి మెట్ల మీద బూట్లు విప్పి వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగింది.

"నా అంకె కూడా తప్పే మామయ్యా. నేను బూట్లు వేసుకున్న వాళ్ళకు లెక్క కట్టినా. తివాచీకి కట్టినా. రాయి మీద ఉత్తకాళ్ళతో కూర్చునే వాళ్ళకు కట్టలేదు."

"పోనీ, చెప్పులు వేసుకోమని చెబుదామా?"

వింటున్న మౌలా సాహెబ్ అడ్డుపడ్డాడు. మనవరాల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "ఏం శెట్టీ, పలక మీద చెప్పులేసుకొని నడవమని మా పిల్లలకు నువ్వు చెప్తావా? మీ నాయన ఫోటో ఆ గోడ మీదే ఉంది. ముందు ఆయనకు చెప్పి, తర్వాత వీళ్ళకు చెప్పు."

"నేను చెప్పలేనులే సాయిబూ."

"మరి చెప్పలేని మాట అడగడం ఎందుకు?"

రాధాకృష్ణమూర్తి ఆలోచనలో పడ్డాడు. గిరాకీ అలవాటును మార్చబోయినవాడు దివాలా తీస్తాడు, సరుకును మార్చుకున్నవాడు నిలబడతాడు. బజారులో తన దుకాణం గుర్తొచ్చింది. అక్కడా నేల పలకరాయే. మిట్టమధ్యాహ్నం గిద్దలూరు నుంచి, కంభం నుంచి వచ్చిన రైతులు చెప్పులు బయట వదిలి, ఆ రాయి మీద చతికిలబడి, "అమ్మయ్య" అంటారు. పంకా వెయ్యబోతే వద్దంటారు. అరికాలు చల్లబడితే ఒళ్ళు సగం చల్లబడినట్టే.

ఆ సంగతి చెప్పాడు. కన్యక కళ్ళు మెరిశాయి.

"అట్లయితే అంకె కిందికి కాదు, పైకి పోవాలి. నేను పెట్టినదానికన్నా ఇంకా పైకి. కాళ్ళకు రాయి చలువ ఉంది కాబట్టి గాలి అంత చల్లగా ఉండక్కర్లేదు. తివాచీ వేసి ఉంటే ఇది కుదిరేది కాదు. నీ రాయే మనల్ని కాపాడేట్టుంది మామయ్యా."

"రాయి నాది, ఆలోచన నీది. ముందు పిల్లలు గోనెలు తియ్యాలి కదా."

అదే కష్టమైంది. పిల్లలు ఒప్పుకోలేదు.

"గోనె తీసినాక మళ్ళీ చలి పెడితే?" అంది కొనకనమిట్ల పిల్ల. "తాత పేరు కొసరు శెట్టి. ఈయన చెయ్యి ఊరుకోదు."

నవ్వులు లేచాయి. రాధాకృష్ణమూర్తి ఈసారి తనూ నవ్వాడు. జేబులోంచి మిషన్ గది తాళంచెవి తీసి మాబూబీ చేతిలో పెట్టాడు.

"ఇదిగో. ఇంక నా చేతిలో లేదు, ఆదెయ్య చేతిలో లేదు. అంకె మార్చేది కన్యక చెబితే నువ్వు. ఇంకో మాట. ఆ మూతలు మీవే. చలిగా ఉంటే తిప్పి తగ్గించుకోండి. లేచి పోతే మూసేయండి. చెడిపోతే నేను చూసుకుంటా."

అని, మోకాళ్ళ మీద కూర్చుని ఒక మూత తిప్పి చూపించాడు. జీవితంలో మొదటిసారి ఒక సరుకును కొసరు లేకుండా ఇచ్చాడు. చెయ్యి వెలితిగా అనిపించింది.

కన్యక వారం రోజులు మార్కాపురంలోనే ఉండిపోయింది. పిల్లల మధ్య ఒక కుర్చీ వేసుకుని, ఉత్తకాళ్ళతో వాళ్ళతో పాటే కూర్చుని తన పని చేసుకుంది. రోజూ అంకె కాస్త పైకి జరిపించేది, ఎంతన్నది ఎవరికీ చెప్పేది కాదు. సాయంత్రం రాధాకృష్ణమూర్తి వచ్చి, సరుకు నమూనా ఇచ్చిన వ్యాపారిలా ఒక్కొక్కరినీ అడిగేవాడు. కాళ్ళెట్ల ఉన్నాయి, నెత్తి ఎట్ల ఉంది. మొదట్లో గోనెలు కుర్చీల వెనక మడిచి సిద్ధంగా ఉండేవి. తర్వాత ఎవరో ఒకరు తమ గోనెను ఇంటికి తీసుకెళ్ళారు. ఒక సాయంత్రం "ఈరోజు మధ్యాహ్నం ఉక్కపోసింది తాతా" అని నలుగురు ఒకేసారి అన్నారు. కన్యక అంకెను ఒక మెట్టు వెనక్కి తీసుకుని అక్కడ ఆపింది. అది ఆమె మొదట పెట్టిన అంకె కన్నా మూడు ఎక్కువ.

మే నెలలో రాధాకృష్ణమూర్తికి నిద్ర సరిగ్గా పట్టలేదు. సుబ్బలక్ష్మమ్మ మజ్జిగ ఇస్తూ అంది. "మీరు దాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలండీ, అదే నడుస్తుంది."

ముట్టుకోలేదు. కానీ చెయ్యి ఊరుకోవాలి కదా. ఒక సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్లలు రోజంతా ఎండలో కాలిన చెప్పుల్లో కాళ్ళు పెట్టి "అబ్బా" అంటూ గెంతుతున్నారు. లోపల పొద్దంతా చల్లబడిన కాళ్ళు ఒక్క క్షణంలో చుర్రుమంటున్నాయి. ఇన్నాళ్ళూ ఇది తన కంట పడలేదు.

మరునాడు మౌలా సాహెబ్, ఆదెయ్య, తనూ కలిసి మెట్ల పక్కన వెదురు పందిరి వేయించారు. చెప్పులకు పలకరాయితో అరలు కట్టించారు. పక్కన నీళ్ళకుండలు పెట్టించారు.

"చెప్పులకు ఇంత వైభోగమా శెట్టీ?" అన్నాడు మౌలా సాహెబ్.

"లోపల కొసరు వేసే వీలు లేదు కదా సాయిబూ. బయట వేసుకుంటున్నా."

జూన్ మొదటివారంలో కరుణాకరం వచ్చాడు. దుకాణం మెట్టు ఎక్కకముందే ముఖంలో కబురు కనబడింది.

"తగ్గిందండీ. ఒంగోలు కన్నా బాగా తగ్గింది. మా పెద్దాఫీసు వాళ్ళు నమ్మలేదు, మీటరు ఫోటో తీసి పంపమన్నారు. మేం ఇక్కడే ఉంటున్నాం. ఇంకో వరస కుర్చీలు వేయొచ్చా అని కూడా అడిగారు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఒక్క విషయం నాకు అంతుపట్టడం లేదు. మీ మేనకోడలు ఇంత తగ్గుతుందని కాగితం మీద చూపించింది కదా. దానికన్నా ఇంకాస్త తగ్గింది. ఆ కాస్త ఎక్కడిదో ఆవిడకూ తెలియలేదట."

రాధాకృష్ణమూర్తి గుమాస్తాను దుకాణం చూసుకోమన్నాడు. ముందు కన్యకకు ఫోన్ చేసి, "నువ్వు నా ఇల్లు నిలబెట్టినావు తల్లీ" అన్నాడు. "బూట్లు విప్పించింది మీ పిల్లలు మామయ్యా. ఇంకో భవనానికి లెక్క కట్టేముందు, అక్కడి వాళ్ళు చెప్పులు యాడ విడుస్తారో చూసి కడతా" అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత గోడౌను వైపు నడిచాడు.

వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. పిల్లలందరూ వెనక వరండాలో క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. చెప్పులు అరలో పెట్టి ఒంటరిగా హాల్లోకి వెళ్ళాడు. అరికాళ్ళకు హాయిగా ఉంది. చలి కాదు, వేడి కాదు. వాన వెలిసిన తర్వాత గట్టు మీద నడిచినట్టుంది. ఎందుకో హాలు మామూలు కన్నా నిశ్శబ్దంగా అనిపించింది. నేల వైపు చూశాడు.

ఖాళీ కుర్చీల పక్కన జాలీలన్నీ మూసి ఉన్నాయి. వరస తర్వాత వరస చూసుకుంటూ నడిచాడు. ఒక్కటి కూడా తెరిచి లేదు. గాలి అడిగేవాళ్ళు లేరు కాబట్టి పంకా దాదాపు ఆగిపోయినట్టు తిరుగుతోంది.

నీళ్ళ సీసా కోసం వచ్చిన మాబూబీ అతన్ని చూసి నిలబడింది.

"ఇవి ఎవరు మూయించినారు బిడ్డా?"

"ఎవరూ మూయించలేదు తాతా. లేచి పోతే మూసేయమని నువ్వే చెప్పినావు కదా. అన్నానికి పోయేటప్పుడు ఎవరిది వాళ్ళం తిప్పి పోతాం. ఉత్త కుర్చీకి గాలెందుకు?"

"రోజూనా?"

"రోజూ. గబ్బిలాలకు వద్దన్నప్పుడు కుర్చీలకు మాత్రం ఎందుకు? కన్యకక్క చెప్పిందిలే నీ గబ్బిలాల సంగతి."

ఆ పిల్ల నవ్వుకుంటూ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. రాధాకృష్ణమూర్తి తండ్రి ఫోటో కింద, తండ్రి తవ్వించిన రాయి మీద, అక్కడే చతికిలబడ్డాడు. అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాడు. గోడౌను నిలిచింది. దొడ్లో దొంతులు నేలయ్యాయి, ఆ నేలను ఊరి ఆడపిల్లలు చెప్పులు విడిచి తొక్కుతున్నారు. మౌలా సాహెబ్ మనవరాలు పొద్దున వచ్చి సాయంత్రానికి తల్లి దగ్గరికి చేరుతోంది. మేనకోడలికి ఒక సంగతి తెలిసింది, తనకు రెండు తెలిశాయి: కొసరు అన్ని సరుకుల్లోనూ చెల్లదు, మూత వాడుకునేవాళ్ళ చేతిలోనే ఉండాలి.

అసలు పోలేదు. లాభం అరికాలికి తెలుస్తూనే ఉంది. కొసరు మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అవతలివాళ్ళు వేశారు.